ఇరవై నాలుగో వంతు కారు

విశాఖపట్నం

బుజ్జీ,

మొదటి జీతంతో కారు కిట్టు కొనుక్కున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మురిసిపోయాను. తమియా వాళ్ళ మినీ కూపర్ 1275 ఎస్, ఇరవై నాలుగో వంతు. తొలి కారుకి మంచి ఎంపిక. బండి చిన్నది, బాడీ అంతా గుండ్రటి ఒంపులు, తెల్ల టాపు, ఎర్ర ఒళ్ళు. చెయ్యి తిరగడానికి కావలసిన పనంతా అందులోనే ఉంది.

నువ్వు పంపిన ప్రశ్నలు చూశాను. అన్నీ ఏం కొనాలన్న దాని గురించే. సీటు బెల్టులకి సన్నటి రేకు ముక్కల ఫొటో ఎచ్ సెట్టు తెప్పించుకోవాలా, ఇంజిన్‌కి వైర్లు విడిగా కొనాలా, మంచి చక్రాలు ఎక్కడ దొరుకుతాయి అని. ఇప్పుడేమీ కొనకు తల్లీ. ముందు కారును చూడు. పెట్టెలో ఉన్నదాన్ని కాదు, అసలు కారుని.

షెడ్డులో స్ప్రే గన్ను పట్టుకుని బతికిన చెయ్యి నాది. అక్కడ కారు ఎదురుగా నిలబడి ఉంటుంది, సందేహమొస్తే వెళ్ళి తడిమి చూస్తాం. మోడల్ చేసేటప్పుడు ఆ వీలుండదు. కిట్టుతో వచ్చే కాగితం ఏ ముక్కని ఎక్కడ అతికించాలో చెబుతుంది కానీ, ఆ ముక్క అసలు బండిలో ఏమిటో, దేంతో చేసిందో, ఎంత మెరుస్తుందో చెప్పదు. అది మనమే తెలుసుకోవాలి.

నీ కారులోనే చూపిస్తాను. బాడీని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి పక్కవెలుగులో మెల్లగా తిప్పు. మడ్‌గార్డుల ఒంపు మీద, టాపు మూలల మీద వెంట్రుక లాంటి గీత కనబడుతుంది. అచ్చు ముక్కలు రెండూ కలిసిన చోటు అది. అది పోవాల్సిందే. ఉంచేస్తే, రంగు నిగనిగలాడే కొద్దీ గీత ఇంకా స్పష్టంగా తేలుతుంది. బ్లేడుని నిటారుగా పట్టుకుని, కొయ్యకుండా, పైపైన గీకు. తర్వాత 600 వాటర్ పేపరు, ఆ తర్వాత 1000, తడిపి రుద్దు. ఇంతవరకూ ఎవరైనా చెబుతారు.

ఇప్పుడు ముందు మడ్‌గార్డుకీ తలుపుకీ మధ్య చూడు. నిలువుగా చిన్న గట్టు లాంటిది ఉబికి ఉంటుంది. వెనక కూడా అలాంటిదే ఉంటుంది. అది కూడా అచ్చు గీతే అనుకుని శ్రద్ధగా అరగదీసేవాళ్ళున్నారు. ఆ గట్టు అసలు మినీలో ఉన్నదే. అలెక్ ఇసిగోనిస్ ఆ కారును రూపొందించినప్పుడు రేకుల అతుకుల్ని లోపలికి దాచకుండా బయటికి తిప్పాడు. వెల్డింగు సులువు, ఖర్చు తక్కువ. 1959లో వచ్చిన ఆ బండి పొడవు 3 మీటర్ల చిల్లర. ఇంజిన్ని అడ్డంగా పెట్టి, గేరుబాక్సుని దాని కింద ఆయిల్ సంపులోనే ఇరికించి, 10 అంగుళాల చక్రాలు వేసి, మిగిలిన చోటంతా మనుషులకి వదిలేశాడాయన. తలుపుల మడతబందులు కూడా బయటికే కనబడతాయి. ఇవన్నీ తెలిసినప్పుడే వాటర్ పేపరు ఎక్కడ రుద్దాలో, ఎక్కడ ఆపాలో చేతికి తెలుస్తుంది.

అసలు కారుని చూసే పని తమియా వాళ్ళే ఎంత గట్టిగా చేశారో తెలుసా? జపాన్‌లోని షిజువోకాలో ఉంటుంది వాళ్ళ కంపెనీ. 1970లలో పోర్షె 934ని 12వ వంతులో తీసుకొచ్చేటప్పుడు, ఫొటోలతో తృప్తి పడక షున్సాకు తమియా ఒక నిజం పోర్షె 911ని కొని విప్పించేశాడు. లోపల ఏముందో కళ్ళారా చూడటానికి. ఆ కిట్టు 1976లో వచ్చింది. నువ్వు కారు కొని విప్పక్కర్లేదు గానీ ఫొటోలు మాత్రం కుప్పలుగా పోగెయ్యి. ప్యాడీ హాప్‌కర్క్ 1964లో మాంటే కార్లో ర్యాలీ గెలిచిన 33 ఈజేబీ నంబరు మినీ ఇప్పటికీ ఇంగ్లండులోని గేడన్‌లో, బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో ఉంది. దాని ఫొటోలు అన్ని కోణాల నుంచీ దొరుకుతాయి. అయితే ముస్తాబు చేసి నిలబెట్టిన కార్ల కన్నా, ఆనాటి నలుపు తెలుపు ఫొటోలని ఎక్కువ నమ్ము. రోడ్డు మీద పరిగెత్తిన బండి ఎలా ఉంటుందో అవే చెబుతాయి.

ఇంకొకటి. మీ ఊళ్ళో పాత అంబాసిడర్ ఎక్కడైనా నిలబెట్టి ఉంటే దగ్గరికెళ్ళి చూడు. 2014 దాకా తయారైన మన అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చిందే. నీ మినీ కూడా మోరిస్ పేరుతో అమ్ముడైనదే. ఆ కాలపు క్రోము ఎలా మెరుస్తుందో, అద్దం చుట్టూ రబ్బరు ఎంత వెలిసిపోయి ఉంటుందో, టైరు నిజంగా ఎంత నలుపో చూసి రా. టైరు నలుపు కాదని నీకే తెలుస్తుంది. ముదురు బూడిద రంగు. కిట్టు టైరు తళతళలాడుతూ వస్తుంది. నేల తాకే భాగాన్ని 400 పేపరుతో ఒకసారి రుద్దు, మధ్యలో ఉన్న అచ్చు గీత పోతుంది, మెరుపూ చస్తుంది. అదొక్కటి చేస్తేనే బండికి బరువొచ్చినట్టు ఉంటుంది.

ఇక లెక్క. అసలు కారులో దేన్ని చూసినా 24తో భాగించు. నువ్వు చేసినదాన్ని 24తో హెచ్చించు. సీటు బెల్టు పట్టీ వెడల్పు 5 సెంటీమీటర్లు అనుకుంటే మోడల్లో 2 మిల్లీమీటర్లు. మాస్కింగ్ టేపుని ఆ వెడల్పుకి కోసి రంగు వేస్తే చాలు, బకిల్స్ కోసం ఫొటో ఎచ్ తర్వాత చూద్దాం. ప్లగ్గు వైరు మందం 7 మిల్లీమీటర్లు, 24తో భాగిస్తే 0.3 కూడా రాదు. 0.5 మిల్లీమీటర్ల వైరు పెట్టావంటే అసలు కారులో 12 మిల్లీమీటర్ల గొట్టం పెట్టినట్టు. ఇంజిన్ అంతా వైర్లే కనబడతాయి. పాత కరెంటు తీగ ఒలిస్తే వచ్చే సన్నటి రాగి పోగులు నయం, పైసా ఖర్చు లేదు. ఆ ఇంజిన్‌లో డిస్ట్రిబ్యూటర్ ముందు జాలీ వైపు ఉంటుంది. నాలుగు ప్లగ్గులకి నాలుగు, కాయిల్ నుంచి ఒకటి, మొత్తం ఐదు వైర్లు. ఫైరింగ్ ఆర్డరు 1, 3, 4, 2. బానెట్ తెరిచి చూపించే ఉద్దేశం ఉంటే ఈ వరసలోనే కలుపు. మూసేసి ఉంచే కారుకైతే అసలు పెట్టనే వద్దు. దీనికి నాతో ఒప్పుకోని వాళ్ళు చాలామంది ఉన్నారు. తొలి కారు విషయంలో మాత్రం నా మాటే విను. ఆ సమయం బాడీకి ఖర్చు పెట్టు. చూసే వాళ్ళ కన్ను ముందు అక్కడికే వెళ్తుంది.

ఈ లెక్క అన్నిటికన్నా గట్టిగా పనిచేసేది రంగు దగ్గర. ప్రైమరు, రంగు, క్లియరు కలిపి పదో వంతు మిల్లీమీటరు మందం పడిందనుకో. అసలు కారు మీద 2.4 మిల్లీమీటర్ల లప్పం పట్టించినట్టు. తలుపు సందు అసలు బండిలో 4 మిల్లీమీటర్లు ఉంటే మోడల్లో 0.17. రెండు అంచుల మీదా అంత మందాన రంగు పడితే సందు పూడిపోయి తలుపు గీసిన బొమ్మలా తయారవుతుంది. అందుకే ప్రైమరుకి ముందే ఆ సందుల్ని బ్లేడు వెనక మొనతో మెల్లగా లోతు చేసుకో. గాట్లు పెట్టకు, దుమ్ము లాగినట్టు లాగు. చివర్లో ఆ సందుల్లోకి సన్నటి రంగు పారించేటప్పుడు నలుపు వాడకు. సందులో ఉండేది నీడ. ఎర్ర ఒంటికి ముదురు గోధుమ రంగు, తెల్ల టాపుకి లేత బూడిద రంగు.

రంగు కొట్టే ముందు బాడీని గిన్నెలు కడిగే సబ్బుతో కడిగి ఆరబెట్టు. చేతి జిడ్డు ఉన్న చోట రంగు పట్టదు. కార్ల షెడ్డుల్లో దొరికే ప్రైమరు, తిన్నరు చవగ్గా ఉన్నాయని తెచ్చుకోకు. రేకుకి అవి సరిపోతాయి గానీ ఈ ప్లాస్టిక్‌ని తినేస్తాయి. మోడళ్ళ ప్రైమరే వాడు.

మినీని తయారుచేసిన బీఎంసీ కంపెనీ ర్యాలీ జట్టు కార్ల ఎరుపు పేరు టార్టాన్ రెడ్. టాపు ఓల్డ్ ఇంగ్లిష్ వైట్, అంటే సున్నం తెలుపు కాదు, కాస్త మీగడ చాయ. ముందు తెలుపు కొట్టు, తర్వాతే ఎరుపు. ఎరుపు మీద తెలుపు వేస్తే అడుగు రంగు పైకి ఊరి గులాబీ చాయ కొడుతుంది. తెలుపు బాగా ఆరాక టాపుని గట్టరు అంచు దాకా టేపుతో కప్పి, అంచుని పంటిపుల్లతో నొక్కు. ఇప్పుడు నేరుగా ఎరుపు కొట్టకు. టేపు అంచు మీద మళ్ళీ తెలుపే ఒక పలచటి పొర కొట్టు. టేపు కింద సందేమైనా ఉంటే తెలుపులోకి తెలుపే దూరి అది మూసుకుపోతుంది. ఆ తర్వాత కొట్టిన ఎరుపు కత్తితో కోసినట్టు నిలుస్తుంది. మా షెడ్డులో రెండు రంగుల బండి వచ్చినప్పుడు ఇలాగే చేసేవాళ్ళం.

మొదటి పొర చల్లినట్టు ఉండాలి, కింద ప్రైమరు కనబడుతున్నా సరే. రెండోదీ అంతే. మూడోది మాత్రం తడి మెరిసేలా కొట్టాలి, కారేలా కాదు. గన్ను గానీ డబ్బా గానీ బాడీకి ఇవతలే మొదలుపెట్టి, అవతలికి దాటాక ఆపు. మధ్యలో ఆపిన చోటే రంగు కారుతుంది.

కాకినాడలో ఉన్నావు కాబట్టి గాలి తేమ సంగతి మరిచిపోవద్దు. తిన్నరు ఆవిరైపోతూ రంగు ఉపరితలాన్ని చల్లబరుస్తుంది. గాల్లో చెమ్మ ఎక్కువుంటే అది వచ్చి తడి రంగు మీద కూచుంటుంది, రంగంతా బూడిద పట్టినట్టు తెల్లబడుతుంది. వాన ముసురులో, సముద్రపు గాలి తిరిగే సాయంత్రాల్లో కొట్టకు. ఎండ బాగా ఎక్కాక, గాలి పొడిగా ఉన్న పూట చూసుకో. బాల్కనీలో కొట్టినా సరే, ఆవిర్లని ఆపే ఫిల్టర్ ఉన్న మాస్కు వేసుకోవాలి. గుడ్డ మాస్కు దేనికీ పనికిరాదు. ఈ ఒక్క విషయంలో మాత్రం డబ్బుకి వెనకాడకు. మా షెడ్డు మనుషుల దగ్గు నేను విన్నాను.

నంబరు స్టిక్కర్లు గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టి జరుపు, లాగకు. వాటి మీద క్లియరు మొదట చాలా పలచగా, దుమ్ములా పడాలి. ఒకేసారి తడిగా కొడితే స్టిక్కరు ముడత పడుతుంది. ఆరాక 2000 పేపరు తడిపి రుద్ది, మోడళ్ళ పాలిష్‌తో మెరిపించు. మడ్‌గార్డు అంచులు, నేను చెప్పిన ఆ గట్లూ ఉన్న చోట చెయ్యి తేలిగ్గా ఆడించు, రంగు తెగిపోయేది అక్కడే.

అద్దాలకి ఫెవికాల్. ఆరితే కనబడదు, పొరబాటు పడితే తడిగుడ్డతో తుడిచెయ్యొచ్చు. సూపర్ గ్లూ జాతి జిగురు దగ్గరికి రానివ్వకు, దాని ఆవిరికి అద్దం మంచు పట్టినట్టు అయిపోతుంది. క్రోము ముక్కలకి అతికే చోట పూత గీకి తీసెయ్యాలి, లేకపోతే ప్లాస్టిక్ జిగురు పట్టదు.

ముందు దీపాలు ఓపిగ్గా చెయ్యి. ర్యాలీ మినీకి ముఖమంతా దీపాలే. 1966లో మాంటే కార్లోలో మొదటి మూడు స్థానాల్లో వచ్చిన మినీలని, హెడ్‌లైట్లు డిమ్ చేసే పద్ధతి నిబంధనలకి విరుద్ధమని పోటీ నుంచి తీసేశారు. మరుసటి ఏడాది రౌనో ఆల్టోనెన్ మళ్ళీ మినీతోనే గెలిచాడు. ఆ గెలిచిన బండి ఫొటో దగ్గర పెట్టుకుని ఒక్కో దీపం ఏ ఎత్తులో, ఏ వాలులో ఉందో చూసి అతికించు.

బురద, మంచు మరకలు ఈ కారుకి వద్దు. అవి ఏ చక్రం వెనక ఎలా ఎగిరి పడతాయో తెలియాలి, అది రెండో కారు పని.

ప్రైమరు కొట్టిన బాడీ ఫొటో నాకు పంపు, రంగు వెయ్యకముందే. ఫ్లాష్ లేకుండా, వెలుగు పక్క నుంచి పడేలా తియ్యి. టాపు మూలలు, ముందు మడ్‌గార్డులు, వెనక గట్టు దగ్గరగా రావాలి. మీ నాన్నకి కూడా చూపించు, చిన్నప్పుడు వాడి చెయ్యే నాకన్నా నిదానం.

మీ పెదనాన్న