తండ్రి పోయిన ఇంట్లో తోబుట్టువులు

తల్లిదండ్రులు మంచం పట్టినప్పుడు వారి సేవ బిడ్డలందరి బాధ్యత. ఆచరణలో మాత్రం అది ఒక్కరి మీదే పడుతుంది. మహబూబాబాద్ జిల్లా కొత్తగూడ లాంటి అటవీ ప్రాంత మండలాన్నే తీసుకోండి. పెద్ద జబ్బు చేస్తే నర్సంపేటకో, వరంగల్‌కో తీసుకువెళ్ళాలి. ఒక కొడుకు హైదరాబాదులో, మరొకడు గల్ఫ్‌లో ఉంటే, మందులు వేసేదీ, పక్కబట్టలు మార్చేదీ, రాత్రంతా మేలుకొనేదీ ఇంట్లో ఉన్న కూతురే. ఆమె పెళ్ళి మాట వచ్చే ఏటికి, ఆపై ఏటికి జరుగుతూ పోతుంది. తండ్రి కన్నుమూశాక, చివరిచూపు దక్కలేదని దూరాన ఉన్నవాడు కుమిలిపోతాడు. ఇంకా బాగా చూసుకోవలసిందని దగ్గరున్న కూతురు బాధపడుతుంది. ఆ దుఃఖమే కొన్నాళ్ళకు నిష్ఠూరంగా మారి, ‘నువ్వేం చేశావు?’ అనేదాకా వస్తుంది.

ఇలాంటి బరువును చిన్న వయసులోనే మోసిన సహాబీ హజ్రత్ జాబిర్ బిన్ అబ్దుల్లాహ్ (రజి). ఆడపిల్లలను ఒంటరిగా వదలలేమని ఆయన్ని ఇంటి దగ్గరే ఉంచి, తండ్రి ఉహుద్ యుద్ధానికి వెళ్ళారు. హిజ్రీ 3 (క్రీ.శ. 625)లో జరిగిన ఆ యుద్ధంలో ఆయన షహీద్ అయ్యారు. జాబిర్ (రజి)కు మిగిలింది అప్పులు, చెల్లెళ్ళు. చెల్లెళ్ళు ఆరుగురని, ఏడుగురని, తొమ్మిదిమందని వేర్వేరు ఉల్లేఖనాలు ఉన్నాయి.

తండ్రి ముఖం మీది బట్ట తొలగించి ఆయన ఏడుస్తుంటే జనం వారించారు. దైవప్రవక్త (సల్లం) వారించలేదు. పైగా దైవదూతలు ఆ షహీద్‌కు రెక్కలతో నీడ పట్టారని తెలిపారు. మగవాడు ఏడవకూడదనే మాట మన ఇళ్ళలోకి ఎక్కడి నుంచి వచ్చిందో గాని, ఇక్కడి నుంచి మాత్రం కాదు.

తర్వాత ఆయన వివాహం చేసుకున్నారు. అదివరకు పెళ్ళయిన స్త్రీని ఎంచుకున్నారని తెలిసి దైవప్రవక్త (సల్లం), కన్యను చేసుకుని సరదాగా ఉండవచ్చు కదా అని అడిగారు. చెల్లెళ్ళ వయసు పిల్లనే ఇంటికి తేవడం ఇష్టంలేక, వారికి తల దువ్వి, మంచిచెడ్డలు చూసే ఇల్లాలి కోసం ఇలా చేశానని ఆయన విన్నవించుకున్నారు. దైవప్రవక్త (సల్లం) ఆ నిర్ణయాన్ని మెచ్చుకుని శుభం కోరారు. గమనించండి, ఆయన ముందు అడిగింది జాబిర్ (రజి) సొంత సంతోషం గురించే! ఇంటి భారం మోస్తున్నవారిని మనలో ఎంతమందిమి అలా అడుగుతున్నాం? అప్పుల సమయంలోనూ ఆయన్ని ఒంటరిగా వదలలేదు. స్వయంగా ఖర్జూరపు రాశుల దగ్గరకు వచ్చి, అప్పులవాళ్ళకు కొలిపించారు. అందరికీ తీరినా రాశి తరగలేదు.

కాబట్టి సేవచేసే అక్కకో చెల్లికో ఉపదేశాలు చాలు. ఏడాదిలో కొన్ని వారాలైనా అన్నదమ్ములు వచ్చి మంచం దగ్గర కూర్చోవాలి. ఆమె పెళ్ళిని ఆపడం సేవ కాదు, అన్యాయం.

మరణానంతరం కఫన్, ఖననం ఖర్చుల తర్వాత ముందు అప్పులు, పిమ్మట వసీయత్, ఆపైనే వాటాలు. వైద్యానికి అప్పుగా ఇస్తున్నానని ముందే చెప్పి ఇచ్చిన సొమ్ము అప్పు కిందే లెక్క. సేవగా పెట్టింది తర్వాత అడగరాదు. సేవ చేశారని వాటా పెరగదు, దూరాన ఉన్నారని తరగదు. జహేజ్ ఇచ్చామని ఆడబిడ్డ వాటా ఎగ్గొట్టడానికీ వీల్లేదు. అది అన్నిసా సూరా 11వ ఆయతులో అల్లాహ్ నిర్ణయించిన హక్కు. అయితే యుక్తవయస్కులైన వారసులు తమ వాటాలోంచి మనస్ఫూర్తిగా ఆమెకు ఎక్కువ ఇచ్చుకోవచ్చు.

ఇక చివరిచూపుకు అందుకోలేని కొడుకు సంగతి. హజ్రత్ సఅద్ బిన్ ఉబాదా (రజి) ఊళ్ళో లేనప్పుడు ఆయన తల్లి మరణించింది. ఆమె తరఫున దానం చేస్తే ఆమెకు ప్రయోజనం ఉంటుందా అని ఆయన దైవప్రవక్త (సల్లం)ను అడిగారు. ఉంటుందని సమాధానం వచ్చింది. సఅద్ (రజి) అక్కడికక్కడే ఆయన్ని సాక్షిగా పెట్టి, తన తోటను తల్లి పేరిట సదఖా చేసేశారు.