తనకు తానే సరిపోయే సంఖ్య

ముందు 60 తీసుకోండి. దాన్ని 4 × 15గా విడగొడితే, 4కీ 15కీ 1 తప్ప ఉమ్మడి కారణాంకం లేదు. అలాంటి జతల్లో వచ్చేవే మనకి కావాలి. 2 × 30 పనికిరాదు, రెండింట్లోనూ 2 ఉంది కదా! ఇప్పుడు 60ని వదిలేసి మిగతావి కూడండి.

1 + 3 + 4 + 5 + 12 + 15 + 20 = 60

మళ్ళీ 60 వచ్చేసింది! వీటిని యూనిటరీ పరిపూర్ణ సంఖ్యలంటారు. అప్పటి గుంటూరు జిల్లా యాజలిలో పుట్టిన మతుకుమల్లి వెంకట సుబ్బారావు గారు, వారెన్ గారితో కలిసి 1966లో మొదటి నాలుగూ ప్రకటించారు: 6, 60, 90, 87360. అయిదోదాన్ని 1975లో చార్లెస్ వాల్ ప్రచురించారు. దానికి 24 అంకెలు!

146361946186458562560000
= 2¹⁸ × 3 × 5⁴ × 7 × 11 × 13 × 19 × 37 × 79 × 109 × 157 × 313

దీనికి అలాంటి కారణాంకాలు 4096. అన్నీ కూడక్కర్లేదు. ఒక్కో ముక్కకి 1 కలిపి గుణిస్తే చాలు. 60కి ముక్కలు 4, 3, 5. కాబట్టి 5 × 4 × 6 = 120. ఇందులో 60 కూడా కలిసే ఉంది, అందుకే రెట్టింపు వచ్చింది. పెద్దదాని 12 ముక్కల్నీ నేను రఫ్ నోట్‌లో ఇలాగే గుణించి చూశాను, సరిగ్గా రెట్టింపే!

బేసి సంఖ్యల్లో ఇలాంటిది ఒక్కటీ లేదని రుజువైంది. సరి సంఖ్యల్లో ఆరోది ఎవరికీ దొరకలేదు, లేదని కూడా ఎవరూ రుజువు చేయలేదు. సుబ్బారావు గారు 2006లో కన్నుమూశారు. ప్రశ్న మాత్రం మనకోసం మిగిలే ఉంది. ఇవాళ స్టడీ అవర్‌లో 90తో మొదలుపెట్టండి!