పందిరి వేసే ముందు

చి.ల.సౌ. సుజాతకు,

కొత్తింటి పెరట్లో ఏ తీగ పాకించమంటావని అడిగావు. నర్సరీకి వెళ్ళేముందు ఒక్క సంగతి తెలుసుకో తల్లీ. తీగలన్నీ ఒకేలా ఎక్కవు. ఏది దేన్ని పట్టుకుని ఎక్కుతుందో తెలిస్తే దానికి ఏ ఆధారం ఇవ్వాలో నీకే తోస్తుంది.

బీర, కాకర, పొట్ల, సొర నులితీగలతో చుట్టుకుంటాయి. ఆ నులితీగ పురికొసనో సన్నటి పుల్లనో పట్టగలదు గానీ లావుపాటి గుంజని పట్టలేదు. గుంజలు పాతి ఊరుకుంటే తీగ నేలమీదే దొర్లుతుంది. మొదట్లో ఓ ఎండుకంప గుచ్చి, అక్కణ్ణుంచి పందిరికి పురికొస కట్టు. చిక్కుడుకీ శంఖుపూలకీ నులితీగలుండవు. కాండమే మెలికలు తిరుగుతుంది కనుక కర్ర చాలు. కాగితంపూలు ముళ్ళ ఊతంతో పైకి పోతాయి, కొమ్మల్ని నువ్వే కట్టుకోవాలి. పిల్లలు తిరిగే దారిలో మాత్రం అది వద్దు. గోడకే వేళ్ళు పాతుకునే తీగలు చూడ్డానికి బాగుంటాయి, కానీ పీకేశాక ఆ మచ్చలు గోడని వదలవు.

పడమటి గది ఎండకి కాలిపోతోందన్నావు కదా, అక్కడ రాధామనోహరం పెట్టు. సాయంత్రం తెల్లగా విచ్చుకున్న పువ్వు మర్నాటికి గులాబీరంగు, ఆపైన ఎరుపు తిరుగుతుంది. ఒకే గుత్తిలో మూడు రంగులూ కనిపిస్తాయి. అయితే బాగా బరువెక్కే తీగ అది. వెదురు ఆగదు, ఇనప పందిరి వేయించు. పూత అయ్యాక కత్తిరిస్తూ ఉండు.

కూరతీగలకు రోజూ ఆరుగంటల ఎండ కావాలి. నీడ ఉన్నచోట తమలపాకు తీగ పెట్టుకో.

బీర ముందు మగపూలే పూస్తుంది. అవి రాలిపోతుంటే బెంగపెట్టుకోకు, ఆడపూలు తర్వాత వస్తాయి. పువ్వు కింద చిన్న పిందె ఉంటే అది ఆడపువ్వు. బీర, సొర సాయంత్రం విచ్చుతాయి, కాకర తెల్లవారాక. మేడల మధ్య తేనెటీగలు, రెక్కలపురుగులు తక్కువైతే పిందెలు పసుపుపచ్చబడి రాలతాయి. అలాంటప్పుడు మగపువ్వు కోసి, రేకులు ఒలిచి, పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దు. పువ్వు విచ్చిన వేళే అద్దాలి సుమా, వాడాక అద్దితే పనిచెయ్యదు. పిందె నిలిచాక పండుఈగ గుడ్లు పెట్టకుండా కాగితం సంచి తొడుగు. పురుగుపట్టి రాలిన కాయల్ని చెట్టుకింద ఉంచకు, లోతుగా పాతెయ్యి.

దొండకి గింజ వెతక్కు. బాగా కాసే తీగ నుంచి ముదురు ముక్క తెచ్చి గుచ్చు. ఒక్కసారి నాటుకుంటే ఏళ్ళ తరబడి కాస్తుంది.

చిక్కుడు మాత్రం తప్పకుండా వెయ్యి. పొద్దు తగ్గే శీతాకాలం వచ్చేదాకా మన పాత నాటురకాలు పూయవు, అందాకా ఆకే చూస్తూ ఓపికపట్టాలి. ఆ తర్వాత పేనుబంక పడుతుంది, రోజూ లేత కొసలు చూసి వేపనూనె కలిపిన సబ్బునీళ్ళు కొట్టు. రథసప్తమికి పరమాన్నం పెట్టే ఆకులూ, రథం కట్టే కాయలూ నీ పెరట్లోవే అవుతాయి.

ఈ ఏడాదికి చిక్కుడు, బీర, రాధామనోహరం చాలు. గింజలు మీ పెదనాన్న చేత పంపుతున్నాను. బీరగింజలు రాత్రంతా నానబెట్టి వెయ్యి. పందిరి మరీ ఎత్తు వద్దు, నువ్వు చెయ్యెత్తితే అందేటంత వేయించు.

ఇట్లు,
పెద్దమ్మ