చెట్ల నడుమ పాఠము

తలిదండ్రులకును, సండే స్కూలు ఉపాధ్యాయులకును ఈ నెల పాఠము.

చెట్టును గూర్చి నాలుగు గోడల మధ్య నేర్పుట సులభమే. నల్లబల్లమీద బొమ్మ గీసి, వేరు, కాండము, ఆకు అని వ్రాసినయెడల పాఠము ముగియును. బిడ్డలను చెట్టు క్రిందికి తీసికొనిపోయి నేర్పుట వేరైన పని. ఈ సంగతిని మేము మా తప్పిదము వలననే తెలిసికొంటిమి గనుక, మొదట దానినే చెప్పుచున్నాము.

కొన్ని సంవత్సరముల క్రిందట వేసవి సెలవులలో నలువదిమంది పిల్లలను బస్సులో ఎక్కించుకొని, అనుమతి పొంది, మా ఊరికి సమీపమున కొండవాలుననున్న అడవికి వెళ్లితిమి. పులిహోర పొట్లములు, ఈల, చెట్ల పేర్ల పట్టిక అన్నియు సిద్ధము. పిల్లలను వరుసలుగా నిలువబెట్టి, నున్నని తెల్లని బెరడుగల యొక చెట్టును చూపి, "ఇది తెల్లమద్ది" అంటిమి. వెనుక వరుసనుండి ఒక బాలుడు, "కాదయ్యా, తెల్లమద్ది వాగు పక్కన ఉంటది. ఇది చిరుమాను" అనెను. వాడు మేకలు కాచుకొనువారి బిడ్డ. తరగతిలో చదువబోయి తడబడువాడు. వానిని గూర్చి "మందబుద్ధి" అను మాట మా నోటనుండియే వచ్చియుండెను. "పెద్దలు చెప్పునప్పుడు అడ్డు రాకూడదు" అని వానిని గద్దించితిమి. తక్కిన పిల్లలు నవ్విరి. వాడు ఆ దినమంతయు మరల నోరు తెరువలేదు.

తిరిగి వచ్చునప్పుడు అడవి కావలివానిని అడుగగా, బాలుడు చెప్పినదే నిజమని తేలినది. తెల్లమద్ది ఏటి యొడ్డులను, వాగుల ప్రక్కలను పెరుగును. దాని కాయకు అయిదు రెక్కలుండును. చిరుమాను మెట్ట కొండవాలున నిలుచును. దాని ఆకులు చిన్నవి, కాయలు చిన్న గుండ్రని గుత్తులు. మేము పట్టికను చూచితిమి, వాడు చెట్టును చూచెను. తరువాత రెండు ఆదివారములు వాడు రాలేదు. మేము వాని యింటికి వెళ్లి, తండ్రి యెదుటనే మా తప్పు ఒప్పుకొంటిమి. ఆ తండ్రి మమ్మును ఒక్క మాట అడిగెను: "అడవిలో నేర్చిన చదువు బడిలో పనికొస్తదా అయ్యా?" ఈ పాఠమంతయు ఆ ప్రశ్నకు జవాబు వెదకుటయే.

ఆ ప్రశ్న అనేక దేశములలో అడుగబడినది. మన దేశములో రవీంద్రనాథ్ ఠాగూరుగారు 1901లో శాంతినికేతనమున బడి స్థాపించి, చెట్ల నీడనే తరగతులు నడిపించిరి. 1950వ దశకములో డెన్మార్కు దేశములో ఎల్లా ఫ్లాటౌ అను తల్లి తన బిడ్డలను, ఇరుగుపొరుగు బిడ్డలను అడవికి తీసికొనిపోవుచుండగా, అదియే చిన్నపిల్లల బడిగా మారెను. 1993లో ఇంగ్లండులోని బ్రిడ్జ్‌వాటర్ కళాశాలవారు డెన్మార్కు వెళ్లి అట్టి బడులను చూచి వచ్చి, తమ దేశములో "ఫారెస్టు స్కూలు" అను పేరిట ఆ పనిని ఆరంభించిరి. స్కాట్లండులో 2010లో ప్రభుత్వ విద్యా ప్రణాళికను ఆరుబయట బోధించుటకై ప్రత్యేకముగా మార్గదర్శక పుస్తకము వెలువడినది. వీరందరి అనుభవమును, మా కొద్ది అనుభవమును కలిపి చూచినప్పుడు నాలుగు సంగతులు కనబడుచున్నవి.

1. ఒకే చోటికి మరల మరల వెళ్లుట

ఒక్క దినము నలువదిమందితో చేయునది విహారయాత్ర మాత్రమే. ఎనమండుగురు పిల్లలతో ఒకే చోటికి సంవత్సరమంతయు వెళ్లుట పాఠము. మేము రెండవమారు అట్లే చేసితిమి. తొలకరి వానలకు జూన్ చివర ఎఱ్ఱని పట్టువంటి ఆరుద్ర పురుగులు నేలమీదికి వచ్చెను. కొద్ది దినములకే అవి కనబడలేదు. డిసెంబరు ఉదయమున సాలెగూళ్లు మంచు బిందువులతో కనబడెను. మార్చిలో అడవి బోడిగా నుండగా, ఆకులేని మోదుగ కొమ్మల నిండ పూలుండెను. ఒక చిన్నది ఎండిన కొమ్మను పట్టుకొని, "ఈ చెట్టు చచ్చిపోయినదా?" అని యేడ్పు ముఖము పెట్టెను. ఆకులగుండ నీరు ఆవిరియై పోవును గనుక, ఎండకాలములో నీటిని కాపాడుకొనుటకు చెట్టు ఆకులను రాల్చుకొనునని చెప్పి, కొమ్మ బెరడును గోటితో కొంచెము గీకి లోపలి పచ్చదనమును చూపితిమి. ఆమె ఆ కొమ్మకు దారము కట్టెను. జూన్‌లో మరల వచ్చి చూడగా, దారము ప్రక్కనే చిగుళ్లుండెను. ఒక్కమారు వచ్చి పోయిన బిడ్డ ఆ చెట్టు చచ్చినదనియే తలంచియుండును గదా!

2. పేరుకంటె ముందు చూపు

పేరు చెప్పగానే పిల్లవాడు చూచుట మానును. ముందు ముట్టనిమ్ము, వాసన చూడనిమ్ము, రెండు ఆకులను ప్రక్క ప్రక్కన పెట్టి భేదము చెప్పనిమ్ము. తరువాత పేరు చెప్పిన మరువడు. చిల్లగింజను కుండ లోపలి గోడకు అరగదీసి బురదనీరు పోసినయెడల, కొంతసేపటికి మన్ను ముద్దగా చేరి అడుగునకు దిగును. మన పెద్దలు నీటిని తేర్చుకొనిన విధమిదియే. దీనిని మేము చెప్పక, కుండను ముందుంచి ఊరకుంటిమి. "ఎందుకు?" అను ప్రశ్న పిల్లలనుండియే వచ్చెను. అయితే తేరిన నీరంతయు త్రాగదగిన నీరు కాదనియు, కంటికి కనబడని క్రిములు అందులో మిగిలియుండుననియు చెప్పుట మరువరాదు.

3. అపాయమును దాచక నేర్పుట

కొందరు తలిదండ్రులు భయముచేత బిడ్డలను గడపదాటనియ్యరు. కొందరు ఏ జాగ్రత్తయు లేక వదలుదురు. రెండును తప్పే. చిల్లచెట్టుకు దగ్గరి బంధువు ముష్టిచెట్టు. ఒకదాని గింజ నీటిని తేర్చును. రెండవదాని గింజ ప్రాణము తీయును. నారింజరంగు ముష్టిపండు చూచుటకు ఎంతో అందముగా నుండును. కాబట్టి ఎరిగినవారు చూపనిదే ఏ కాయను నోట పెట్టరాదు, ఏ గింజను కుండకు రాయరాదు. పుట్టలో చేయి పెట్టరాదు. రాతి క్రింద చూడకుండ వ్రేళ్లు దూర్చరాదు. కాళ్లకు బూట్లు, త్రాగుటకు నీళ్లు ఉండవలెను. ఎండు ఆకుల కాలములో నిప్పు ముట్టించనే రాదు. రిజర్వు అడవికిని అభయారణ్యమునకును వెళ్లుటకు అటవీ శాఖవారి అనుమతి పొందవలెను. ఇవన్నియు చెప్పిన పిమ్మట, తన ఎత్తునకు తగిన కొమ్మను ఎక్కుటకు బిడ్డను విడువుడి. క్రింద నిలిచియుండుడి గాని, ప్రతి అడుగునకును కేకలు వేయకుడి. ఎంతవరకు ఎక్కగలనో తానే కొలుచుకొనుటయు చదువే.

4. ఎరిగినవారిని గురువులుగా నెంచుట

కలివికోడి సంగతి పిల్లలకు తప్పక చెప్పుడి. 1848లో జెర్డాన్ అను వైద్యుడు ఈ పిట్టను శాస్త్రజ్ఞులకు తెలియజేసెను. 1900 తరువాత అది పండితులెవరికిని కనబడలేదు. అంతరించినదనియే అనేకులు తలంచిరి. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతమున అది మరల దొరికెను. రాత్రివేళ దీపపు వెలుగున దానిని పట్టినవాడు ఆ ప్రాంతపు గ్రామస్థుడే. కలివి పొదల నడుమ తిరుగు ఆ పిట్టను అక్కడివారు కలివికోడి అని పేరుపెట్టి పిలుచుచుండిరి! గ్రంథములలో పోయినదనుకొన్నది పల్లెవారి నోట నిలిచియుండెను. సొలొమోను జ్ఞానములో చెట్లను పక్షులను ఎరుగుటయు ఒక భాగమని 1 రాజుల గ్రంథము నాలుగవ అధ్యాయములో చదువుచున్నాము. ఆ జ్ఞానముగల బిడ్డను వెనుక వరుసలో కూర్చుండబెట్టినందుకు మేము సిగ్గుపడితిమి.

ఆ బాలుని సంగతి చెప్పి ముగించెదము. వాడు పండితుడైనాడని చెప్పము. ఇప్పటికిని చదువునప్పుడు తడబడును. అయితే ఆ సంవత్సరము మా పాత పట్టికను చింపివేసి, వాడు చెప్పగా చెట్ల పేర్లు క్రొత్తగా వ్రాసితిమి. ఆ కాగితమును వాడు ఎవరును అడుగకయే వ్రేలు పెట్టి, అక్షరమక్షరము కూడబలుకుకొని, చివరివరకు చదివెను. "చిరుమాను" అను మాటయొద్ద ఆగి మా ముఖము చూచెను. వాని తండ్రి ప్రశ్నకు మాకు దొరికిన జవాబు అదియే.

ఈ నెల చేయవలసిన పని: అడవి దూరమైనయెడల చెరువుగట్టయినను, మామిడితోపయినను, గుడి ఆవరణములోని వేపచెట్టయినను చాలును. ఒక్క చెట్టును ఎంచుకొని, బిడ్డలతో నెలకొకమారు దాని క్రింద అరగంట కూర్చుండుడి. చూచినది బిడ్డలచేతనే వ్రాయించుడి.

ఆలోచించుటకు ప్రశ్నలు:

1. మన తరగతిలో వెనుక వరుసనున్న బిడ్డకు తెలిసి, మనకు తెలియనిది ఏమున్నది?
2. బిడ్డ యెదుట మన తప్పును చివరిగా ఎప్పుడు ఒప్పుకొంటిమి?
3. మన యింటి గుమ్మమునుండి కనబడు చెట్టు ఏ నెలలో ఆకు రాల్చును, ఏ నెలలో చిగుర్చును?