నిచ్చెన ఎక్కే ముందు

మేనల్లుడా,

బ్రహ్మోత్సవాలకు ముందే లాడ్జీకి రంగులు పూర్తి కావాలని మేస్త్రీ తొందరపెడుతున్నాడని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. తిరుపతిలో ఏటా ఉండే తొందరే అది. అందుకే ఈ ఉత్తరం.

మనిషి కాలు జారి పడేదానికంటే కింద నిచ్చెన కాలు జారి పడేదే నేను ఎక్కువ చూశాను. లాడ్జీల్లో అంతా నున్నటి టైల్సు, వాటి మీద పుట్టీ దుమ్ము. కాళ్లకు రబ్బరు అరిగిన నిచ్చెన ఎక్కనే వద్దు. 12 అడుగుల ఎత్తున ఆనించితే కాళ్లు గోడకు 3 అడుగుల ఎడంగా ఉండాలి. మరీ దగ్గరైతే వెనక్కి పడుతుంది, మరీ దూరమైతే జారుతుంది. కింద ఒకడు పట్టుకున్నాకే మొదటి మెట్టు ఎక్కు. వాడు టీకి పోతే నువ్వూ దిగు. రంగు డబ్బా కొక్కేనికి తగిలించు, ఒక చెయ్యి ఎప్పుడూ నిచ్చెన మీదే ఉండాలి. అందని మూల మిగిలితే పక్కకు సాగొద్దు, దిగి నిచ్చెన జరుపుకో. కరెంటు తీగలున్న పక్క అల్యూమినియం నిచ్చెన ముట్టుకోవద్దు. పై అంతస్తులకు సారవ కట్టించమని అడుగు. అడిగినందుకు పని పోతే పోనీ, ఇంకో మేస్త్రీ దొరుకుతాడు.

ఎవరైనా పడితే మనోళ్లు కాళ్లూ చేతులూ పట్టి ఎత్తి ఆటోలో వేసి పుత్తూరు కట్టుకు పరుగెత్తుతారు. ఆకుపసరు, కోడిగుడ్డు సొన పూసి బద్దలతో కట్టే ఆ కట్టు మీద మన పక్క ఎంత నమ్మకమో నాకు తెలుసు. కానీ ఎత్తు నుంచి పడినోడికి వెన్నుపూస విరిగిందో లేదో పైకి కనపడదు. అట్లా మడిచి ఎత్తితే వెన్నులో నరాలు నలిగి జన్మంతా మంచాన పడొచ్చు. మెడ, నడుము కదలనీయకుండా ఉన్నచోటే ఉంచి 108కి ఫోన్ చేయండి. రుయా ఆసుపత్రిలో ఎక్స్‌రే తీశాకే మిగతా మాట.

తలరాత అని చెప్పి మేస్త్రీ చేతిలో పెట్టే ఐదొందలకు ఊరుకోవద్దు. పనిలో తగిలిన దెబ్బకు పని ఇచ్చినోడే పరిహారం కట్టాలని 1923 నుంచీ చట్టం ఉంది. రెండేళ్లలోపు కార్మిక శాఖలో అర్జీ పెట్టాలి. తాగి ఎక్కితే మాత్రం ఆ పరిహారానికే ఎసరు.

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ బోర్డు కార్డు నీకింకా లేదు. 18 ఏళ్లు నిండి, ఏడాదిలో 90 రోజులు పని చేసినోళ్లకు ఇస్తారు, పెయింటర్లకూ వర్తిస్తుంది. సోమవారం ఒక పూట కూలి పోయినా సరే, లేబర్ ఆఫీసుకు పో. నామినీగా మీ అమ్మ పేరు రాయించు.

ఇట్లు,
మీ మామ