ఓపియాయిడ్ వ్యసనానికి మందు రాసే డాక్టర్‌ను ఎంచుకోవడం



ఓపియాయిడ్ వ్యసనం మనోబలం చాలక వచ్చేది కాదు. అది వైద్యం ఉన్న జబ్బు. ఆపరేషన్ తర్వాత నొప్పికి రాసిన ఆక్సికోడోన్ మాత్రలతో అలవాటు మొదలైనా, వీధిలో అమ్మే ఫెంటనిల్‌తో మొదలైనా, పనిచేసే మందులు ఒకటే. అమెరికాలో ఈ జబ్బుకు ఆమోదం పొందినవి మూడు: మెథడోన్, బ్యూప్రెనార్ఫిన్, నాల్ట్రెక్సోన్. మొదటి రెండింటిలో ఏదో ఒకటి మానకుండా వాడేవారికి ప్రాణాపాయం సుమారు సగం తగ్గుతుందని పరిశోధనలు తేల్చాయి. ఏ మందు వాడాలో తెలిస్తే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలుస్తుంది.

వ్యసన చికిత్సకు మెథడోన్‌ను మామూలు మందుల షాపులో ఇవ్వరు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న ప్రత్యేక క్లినిక్కులే ఇవ్వాలి. మొదట్లో తరచుగా క్లినిక్కుకు వెళ్లి నర్సు ఎదుటే తాగాల్సి వస్తుంది. 2024లో సవరించిన నిబంధనల ప్రకారం, నిలదొక్కుకున్న రోగికి 28 రోజుల వరకు మందు ఇంటికి ఇవ్వవచ్చు. నాల్ట్రెక్సోన్ నెలకోసారి వేసే ఇంజెక్షన్. దాన్ని ఏ డాక్టరైనా ఇవ్వవచ్చు గాని, అంతకుముందు 7 నుంచి 10 రోజులు ఓపియాయిడ్ల జోలికి పోకుండా ఉండాలి. చాలామంది ఆ కొద్ది రోజులూ తట్టుకోలేక మళ్లీ వాడకంలో పడతారు. అందుకే ఎక్కువమందికి బ్యూప్రెనార్ఫిన్ అనువుగా ఉంటుంది.

బ్యూప్రెనార్ఫిన్ రాయడానికి ఒకప్పుడు డాక్టర్లకు ప్రత్యేక అనుమతి ఉండాల్సి వచ్చేది. ఒక్కొక్కరు ఇంతమందికే రాయాలన్న పరిమితి కూడా ఉండేది. 2022 డిసెంబరులో వచ్చిన చట్టం ఆ రెండింటినీ తీసేసింది. నియంత్రిత మందులు రాయడానికి మామూలు రిజిస్ట్రేషన్ ఉన్న ఫ్యామిలీ డాక్టర్ ఇప్పుడు దీన్ని రాయవచ్చు. రాష్ట్ర చట్టాలకు లోబడి నర్స్ ప్రాక్టీషనర్లూ రాయవచ్చు. అందువల్ల వెతుకులాట ఇప్పటికే చూపించుకుంటున్న డాక్టర్‌తోనే మొదలుకావాలి. చదువుకునేవారికి యూనివర్సిటీ హెల్త్ సెంటర్ ఉంటుంది. ఇన్సూరెన్స్ కార్డు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేస్తే నెట్‌వర్క్‌లోని డాక్టర్ల జాబితా ఇస్తారు. 1-800-662-4357 ప్రభుత్వ హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ ఉచితంగా పనిచేస్తుంది, దగ్గరలోని చికిత్స కేంద్రాల వివరాలు చెబుతుంది. ఇన్సూరెన్స్ లేనివారికి కమ్యూనిటీ హెల్త్ సెంటర్లు ఆదాయాన్ని బట్టి ఫీజు తీసుకుంటాయి. పరిస్థితి విషమిస్తే ఎమర్జెన్సీ విభాగంలోనే మొదటి మోతాదు ఇవ్వవచ్చు.

అపాయింట్‌మెంట్ తీసుకునే ముందు ఫోన్‌లో కొన్ని సంగతులు తేల్చుకోవాలి. కొత్త పేషెంట్లకు బ్యూప్రెనార్ఫిన్ రాస్తారా? ఎన్ని రోజుల్లో మొదలుపెడతారు? ఇన్సూరెన్స్ తీసుకుంటారా, నగదే కట్టాలా? మూత్ర పరీక్షలో మళ్లీ వాడినట్టు తేలితే ఏం చేస్తారు? ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబులోనే డాక్టర్ తీరు తెలిసిపోతుంది. మళ్లీ వాడితే చికిత్స ఆపేస్తామనే డాక్టర్, రోగికి అవసరం పెరిగిన రోజునే చెయ్యి వదిలేస్తాడు. మంచి డాక్టర్ మోతాదు సరిచూస్తాడు, కారణం కనుక్కుంటాడు. ఆరు నెలల్లో మందు మాన్పించేస్తామని మొదటిరోజే గడువు పెట్టేవారిని నమ్మకూడదు. ఎంతకాలం వాడాలన్నది రోగి పరిస్థితిని బట్టి తేలాలి. కొందరికి ఏళ్లు పడుతుంది. కౌన్సెలింగ్ మేలు చేస్తుంది, కానీ అది కుదిరేదాకా మందు ఆపి ఉంచడం సరికాదు.

మొదటి మోతాదు విషయంలో తొందర పనికిరాదు. ఒంట్లో ఓపియాయిడ్ ఇంకా ఉండగా బ్యూప్రెనార్ఫిన్ వేసుకుంటే, వాడకం మానినప్పుడు వచ్చే విరమణ బాధలు ఒక్కసారిగా విరుచుకుపడతాయి. ఆవలింతలు, ముక్కు కారడం, చెమటలు, ఒళ్లు గగుర్పొడవడం బాగా కనిపించేదాకా ఆగాలి. సాధారణంగా చివరిసారి వాడాక ఇందుకు 12 నుంచి 24 గంటలు పడుతుంది. ఫెంటనిల్ వాడినవారికి ఇంకా ఎక్కువ పట్టవచ్చు. బ్యూప్రెనార్ఫిన్ పల్చటి ఫిల్మ్‌ను నాలుక కింద పెట్టుకుని పూర్తిగా కరగనివ్వాలి. మింగితే సరిగా పనిచేయదు. కరిగాక నీళ్లు పుక్కిలించి మింగాలి, లేకపోతే పళ్లు పాడవవచ్చు. కొన్ని షాపుల్లో ఈ మందు నిల్వ ఉండదు కనుక ప్రిస్క్రిప్షన్ పంపేముందే ఫోన్ చేసి కనుక్కోవాలి.

తెలుగు కుటుంబాల్లో చాలామందిని ఆపేది నలుగురికీ తెలుస్తుందన్న భయం. వ్యసన చికిత్స కేంద్రాల రికార్డులకు అమెరికా చట్టం ప్రత్యేక రక్షణ ఇచ్చింది. అయితే ఇన్సూరెన్స్ తల్లిదండ్రుల పేరున గాని, భర్త పేరున గాని ఉంటే బిల్లు వివరాల కాగితం వారికి వెళ్లవచ్చు. దాన్ని వేరే చిరునామాకు పంపమని కంపెనీని ముందే కోరవచ్చు. ఇంగ్లీషు అంతగా రానివారు తెలుగు దుబాసీని అడగాలి. ఫెడరల్ నిధులు పొందే ఆసుపత్రులు ఆ సేవను ఉచితంగా ఇవ్వాలి. ఇంత సున్నితమైన మాటలను బంధువుల చేత అనువదింపజేయకపోవడమే మంచిది.

ఓపియాయిడ్ మోతాదు మించినప్పుడు ప్రాణం కాపాడే నాలోక్సోన్ స్ప్రేను ఇంట్లోవారు దగ్గర ఉంచుకోవాలి. 2023 నుంచి అది ప్రిస్క్రిప్షన్ లేకుండానే దొరుకుతోంది. ఊపిరి మందగించి, పిలిచినా పలకని మనిషికి ముక్కులో కొట్టి వెంటనే 911కు ఫోన్ చేయాలి. ఓపియాయిడ్లు కొంతకాలం మానేసినవారికి వాటిని ఒళ్లు తట్టుకునే శక్తి తగ్గిపోతుంది. పాత మోతాదే ప్రాణం తీయగలదు. చికిత్స మందు ఆగితే మళ్లీ వాడకంలో పడే ముప్పు ఉంటుంది కనుక ప్రయాణాల్లోనూ దానికి విరామం రాకూడదు. ఇండియా వెళ్లేవారు డాక్టర్ రాసిన లేఖ, అసలు పెట్టెతో సహా మందు వెంట ఉంచుకోవాలి. నియంత్రిత మందును తీసుకెళ్లే నిబంధనలు ముందే కనుక్కోవాలి. ఇండియాలో ఉన్నవారికి మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446 సాయపడుతుంది.

మొదటి డాక్టర్ కాదంటే అక్కడితో ఆగకూడదు. వెంటనే రెండో డాక్టర్‌కు ఫోన్ చేయాలి. ఈ జబ్బులో చికిత్స ఆలస్యమైన ప్రతి రోజూ ప్రాణానికి ముప్పే.