పాత ఐ7 కంటే కొత్త ఐ3 మేలా? తక్కువ బడ్జెట్ గేమింగ్ పీసీకి ప్రాసెసర్ ఎంచుకోవడం ఇలా

2025 వేసవిలో పాలకొల్లు నుంచి మా పిన్ని కొడుకు వాట్సాప్‌లో ఒక కొటేషన్ ఫొటో పంపించాడు. ఐ7 ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 2 జీబీ గ్రాఫిక్స్ కార్డు, రంగురంగుల లైట్ల క్యాబినెట్. మొత్తం 38 వేలు. కింద మెసేజ్: "అన్నయ్యా, ఐ7 అంట! తీసేసుకోనా?"

వాడికి అప్పుడే ఇంటర్ అయ్యింది, బీటెక్‌లో చేరబోతున్నాడు. బాబాయ్ దాళ్వా ధాన్యం డబ్బుల్లోంచి 50 వేలు పక్కన పెట్టారు. "చదువుకీ, ఆటకీ అదే కంప్యూటర్. నాలుగేళ్ళదాకా మళ్ళీ నన్ను అడక్కూడదు" అని ఆయన షరతు. అంటే మనం ఎంచుకునేది ఇవాళ ఆడే గేమ్‌కి మాత్రమే కాదు, నాలుగేళ్ళకి.

"ఐ7 సరేరా, ఏ జనరేషన్?" అని అడిగాను. వాడికి తెలీదు. షాపుకి ఫోన్ చేసి కనుక్కుంటే ఐ7-4770 అని చెప్పారు. 2013లో వచ్చిన చిప్ అది. షాపతను అబద్ధమేం చెప్పలేదు, ఐ7 అన్నాడు, అది ఐ7నే. మనమే అడగాల్సిన ప్రశ్న అడగలేదు. ఆ ప్రశ్నలేంటో ఈ ఆర్టికల్‌లో వరసగా చూద్దాం.

పేరులో 7 ఉంటే సరిపోదు

ఐ3, ఐ5, ఐ7 అనేవి ఒకే తరంలోని చిప్‌లని పోల్చుకోవడానికి పెట్టిన పేర్లు. తరాలు మారితే ఆ లెక్క పనికిరాదు. 2013 నాటి ఐ7-4770 పక్కన 2022లో వచ్చిన కోర్ ఐ3-12100ఎఫ్‌ని పెట్టి చూడండి.

- ఐ7-4770: 4 కోర్లు, 8 థ్రెడ్లు, గరిష్ఠంగా 3.9 గిగాహెర్ట్జ్, డీడీఆర్3 ర్యామ్
- ఐ3-12100ఎఫ్: 4 కోర్లు, 8 థ్రెడ్లు, గరిష్ఠంగా 4.3 గిగాహెర్ట్జ్, డీడీఆర్4 లేదా డీడీఆర్5 ర్యామ్

కోర్లు సమానం, థ్రెడ్లు సమానం, స్పీడ్‌లోనూ పెద్ద తేడా లేనట్టే ఉంది. కానీ ఒక్కో సైకిల్‌లో చేసే పని చాలా పెరిగింది. సింగిల్ కోర్ పనిలో ఆ కొత్త ఐ3 పాత ఐ7 కంటే సుమారు ఒకటిన్నర రెట్లు వేగంగా ఉంటుంది. గేమ్‌లకి ముఖ్యంగా కావాల్సింది అదే.

ఇంకో చిక్కుంది. విండోస్ 11 అధికారికంగా పనిచేయాలంటే ఇంటెల్‌లో 8వ తరం, ఏఎండీలో రైజెన్ 2000 సిరీస్ నుంచి పైవి కావాలి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఉచిత సపోర్టు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. విండోస్ 11లో వాలరెంట్ ఆడాలంటే టీపీఎం 2.0, సెక్యూర్ బూట్ రెండూ ఉండాలి. మావాడు రోజూ ఆడేది వాలరెంటే. పైగా ఆ పాత బోర్డుకి తర్వాత పెట్టుకోవడానికి పెద్ద ప్రాసెసర్ ఏదీ లేదు. 38 వేలు పోసి దారి మూసేసుకోవడమే.

మోడల్ నంబర్ చదవడం కష్టమేం కాదు. 12100ఎఫ్‌లో 12 అంటే 12వ తరం, 100 అంటే ఆ తరంలో దాని స్థాయి. ఇక చివరి అక్షరం. ఆ ఒక్క అక్షరం దగ్గర నేనే ఒకసారి దెబ్బతిన్నాను, ఆ కథ కాసేపట్లో చెప్తాను.

ప్రాసెసర్ నీళ్ళు వదిలే తూము లాంటిది

గేమ్‌లో మనకి కనిపించే ప్రతి ఫ్రేమ్‌కి ఇద్దరు పనిచేస్తారు. శత్రువు ఎక్కడున్నాడు, బుల్లెట్ ఎటు వెళ్ళింది, ఈ ఫ్రేమ్‌లో ఏయే వస్తువులు గీయాలి అని తేల్చేది ప్రాసెసర్. ఆ లెక్క తీసుకుని బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు.

మన గోదావరి కాలువలతో పోల్చి చూడండి. ధవళేశ్వరం దగ్గర తూము ఎత్తితే నీళ్ళు కాలువలోకొస్తాయి, అక్కణ్ణుంచి బోదెల్లోకి, చివరికి చేలోకి. తూము ఎంత ఎత్తినా, కాలువ ఎంత మోయగలదో అంతే పారుతుంది. కాలువ ఎంత వెడల్పున్నా, తూము సగమే ఎత్తితే శివారు చేను తడవదు. ఇక్కడ తూము ప్రాసెసర్, కాలువ గ్రాఫిక్స్ కార్డు, చేను మీ మానిటర్.

ఉదాహరణకి మీ ప్రాసెసర్ సెకనుకి 120 ఫ్రేమ్‌లు సిద్ధం చేయగలదు, కార్డు 70 గీయగలదు అనుకోండి. మీకు కనిపించేది 70. ఇంకో పది వేలు పోసి 200 ఫ్రేమ్‌ల ప్రాసెసర్ పెట్టినా అదే 70. ఆ పది వేలు కార్డు మీద పెట్టి ఉంటే ఆట తీరే మారిపోయేది.

మీ దగ్గరున్న పీసీలో ఎవరు ఆపుతున్నారో కనుక్కోవడానికి తేలికైన టెస్టు ఉంది. గేమ్‌లో రిజల్యూషన్ 1080పీ నుంచి 720పీకి తగ్గించండి. ఎఫ్‌పీఎస్ బాగా పెరిగితే అప్పటిదాకా ఆపింది కార్డు. పెద్దగా పెరక్కపోతే ఆపేది ప్రాసెసర్. ఎందుకంటే రిజల్యూషన్ తగ్గితే గీసే పని తగ్గుతుంది కానీ లెక్క కట్టే పని అలాగే ఉంటుంది.

వరస ఇది: ముందు స్క్రీన్, తర్వాత కార్డు, ఆ తర్వాతే ప్రాసెసర్

చాలామంది ప్రాసెసర్‌తో మొదలెట్టి, మిగిలిన డబ్బుతో కార్డు చూస్తారు. తిరగేసి చూడండి.

60 ఎఫ్‌పీఎస్ రావాలంటే ప్రాసెసర్ ఒక్కో ఫ్రేమ్‌ని 16.7 మిల్లీసెకన్లలో సిద్ధం చేయాలి. 144 కావాలంటే 6.9 మిల్లీసెకన్లే టైముంటుంది. అంటే 144 హెర్ట్జ్ మానిటర్ మీద వాలరెంట్, కౌంటర్ స్ట్రైక్ 2 ఆడేవాళ్ళకి బలమైన ప్రాసెసర్ కావాలి. 60, 75 హెర్ట్జ్ మానిటర్ మీద సైబర్‌పంక్ 2077, ఫోర్జా హొరైజన్ 5 లాంటివి ఆడేవాళ్ళకి బలమైన కార్డు కావాలి.

మావాడికి ఇంట్లో అక్క వాడి వదిలేసిన 1080పీ, 75 హెర్ట్జ్ మానిటర్ ఉంది. సో, సగం లెక్క అక్కడే తేలిపోయింది. 50 వేలల్లో సుమారు 40 శాతం కార్డుకి, 20 శాతం లోపు ప్రాసెసర్‌కి అనుకున్నాం. మిగతాది బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, పవర్ సప్లై, క్యాబినెట్‌కి. పవర్ సప్లై దగ్గర మాత్రం పిసినారితనం వద్దు.

ఒక్క అక్షరంతో నాలుగు నెలలు పోయాయి

ఇప్పుడు నా కథ. 2021లో నేను ఐ5-10400ఎఫ్ కొన్నాను. మామూలు 10400 కంటే చవగ్గా దొరికింది, ఎగిరి గంతేశాను. "కార్డు వచ్చే నెల కొందాంలే, అప్పటిదాకా మామూలుగా వాడుకుందాం" అనుకున్నాను. అన్నీ బిగించి ఆన్ చేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, స్క్రీన్ మీద మాత్రం ఏమీ లేదు. బోర్డు పోయిందని, ర్యామ్ పోయిందని రెండ్రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాక తెలిసింది: ఇంటెల్‌లో 'ఎఫ్' అంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు. కార్డు లేకపోతే డిస్‌ప్లేనే రాదు.

సరే, కార్డు కొందామంటే అది క్రిప్టో మైనింగ్ జోరుగా ఉన్న ఏడాది. కార్డులు అసలు ధరకి రెట్టింపు చెప్తున్నారు. నాలుగు నెలలు ఆ పీసీ బట్ట కప్పుకుని మూల కూర్చుంది. వారంటీ మాత్రం కొన్న రోజు నుంచే నడిచింది.

అందుకే ఈ అక్షరాలు గుర్తుపెట్టుకోండి.

- ఎఫ్: లోపల గ్రాఫిక్స్ లేదు, కార్డు తప్పనిసరి
- కె: ఇంటెల్‌లో ఓవర్‌క్లాక్ చేసుకునే రకం. తక్కువ బడ్జెట్‌లో అక్కర్లేదు
- జి: ఏఎండీలో లోపలే కాస్త గట్టి గ్రాఫిక్స్ ఉన్న రకం
- రైజెన్ 5000 సిరీస్‌లో జి లేనివాటికి (5500, 5600 లాంటివి) కూడా లోపల గ్రాఫిక్స్ లేదు, పక్కన ఎఫ్ అక్షరం కనిపించకపోయినా

బరిలో ఉన్నవి మూడు

*కోర్ ఐ3-12100ఎఫ్:* 4 కోర్లు, 8 థ్రెడ్లు. హెచ్610 బోర్డు, డీడీఆర్4 ర్యామ్‌తో మూడింట్లో ఇదే చవక. ఎస్పోర్ట్స్ గేమ్‌లకి హాయిగా సరిపోతుంది. కొత్త ఓపెన్ వరల్డ్ గేమ్‌ల్లో మాత్రం సగటు ఎఫ్‌పీఎస్ బాగానే కనిపించినా, మధ్యమధ్యలో ఒక్క క్షణం ఆగినట్టు అనిపిస్తుంది. వెనకాల డిస్కార్డ్, క్రోమ్ తెరిచి ఉంటే ఇంకాస్త ఎక్కువ. తర్వాత అదే ఎల్‌జీఏ1700 బోర్డులో ఐ5-12400ఎఫ్ పెట్టుకోవచ్చు.

*రైజెన్ 5 5600:* 6 కోర్లు, 12 థ్రెడ్లు, 32 ఎంబీ ఎల్3 క్యాష్, పీసీఐఈ 4.0. దీన్ని 5500తో కలిపేసుకోకండి. 5500కి కూడా 6 కోర్లే ఉన్నా క్యాష్ 16 ఎంబీనే, పీసీఐఈ 3.0నే. ఈ తేడా కార్డుని బట్టి బయటపడుతుంది. ఆర్ఎక్స్ 6500 ఎక్స్‌టీ కార్డు నాలుగు లేన్లే వాడుతుంది. దాన్ని పీసీఐఈ 3.0 ప్రాసెసర్‌తో కలిపితే ఆ దారి సగానికి పడిపోయి, కార్డులో 4 జీబీ నిండగానే ఆట తడబడుతుంది. ఎనిమిది లేన్ల ఆర్ఎక్స్ 6600కి అంత ఇబ్బంది లేదు.

*రైజెన్ 5 5600జి:* కార్డుకి ఇప్పుడు డబ్బుల్లేవు, ఏడాది తర్వాత కొంటాను అనేవాళ్ళకి ఇది. 2021లో నేను కొనాల్సింది ఇలాంటిదే. వాలరెంట్, జీటీఏ 5 తక్కువ సెట్టింగ్స్‌లో ఆడుకోవచ్చు. ఒక్కటే షరతు: 16 జీబీ ఒకే స్టిక్ వద్దు, 8 జీబీవి రెండు పెట్టండి. దీని గ్రాఫిక్స్ మన ర్యామ్‌నే వాడుకుంటుంది కాబట్టి రెండు చానెళ్ళు ఉంటే ఎఫ్‌పీఎస్ బాగా పెరుగుతుంది.

మరి ఏఎం5 సంగతి? బడ్జెట్ ఇంకో పదిహేను వేలు పెంచగలిగితే తప్పకుండా ఆలోచించండి. 2027 దాటేదాకా ఆ సాకెట్‌కి సపోర్టు ఇస్తామని ఏఎండీ చెప్పింది. కానీ దానికి డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పడుతుంది, బోర్డులూ ఖరీదే. 2025 చివర్నుంచి ర్యామ్ రేట్లు విపరీతంగా పెరిగాయి కాబట్టి, ఇప్పుడు కొనేవాళ్ళు ముందు ర్యామ్ రేటు చూసి ఆ తర్వాత ప్రాసెసర్ తేల్చుకోండి. ఇంట్లో పనికొచ్చే డీడీఆర్4 స్టిక్‌లు ఉంటే ఏఎం4 ఇంకా లాభం.

మన ఎండ, మన కరెంటు

యూట్యూబ్‌లో చూపించే టెంపరేచర్లు ఏసీ గదుల్లోవి. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో, మేడ మీద గదిలో మన పరిస్థితి వేరు. గది 25 డిగ్రీలున్నప్పుడు 68 చూపించే ప్రాసెసర్, అదే పనికి గది 40 ఉంటే ఇంచుమించు 83 చూపిస్తుంది. రైజెన్ 5 5600 గరిష్ఠ హద్దు 90 డిగ్రీలు. బాక్స్‌తో వచ్చే కూలర్ చాలుతుంది, కానీ క్యాబినెట్‌కి ముందు జాలీ, లోపలికి గాలి లాగే ఫ్యాన్ ఉండాలి. లైట్లున్న గాజు పలక కంటే అది ముఖ్యం.

కరెంటు సంగతి కూడా చూసుకోండి. మామూలు 600 వీఏ యూపీఎస్ సుమారు 360 వాట్లే మోస్తుంది. 5600 ప్రాసెసర్, ఆర్ఎక్స్ 6600 కార్డు కలిపి గేమ్‌లో 250 వాట్ల లోపే ఉంటాయి కాబట్టి, కరెంటు పోతే సేవ్ చేసుకుని షట్‌డౌన్ చేసే టైము దొరుకుతుంది. సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా వచ్చిందని ఐ7-13700కె పెట్టారనుకోండి, అదొక్కటే 253 వాట్ల దాకా లాగగలదు.

కొనే రోజు

మేం ఆన్‌లైన్ రేట్లు రాసుకుని, రాజమండ్రిలో గౌతమి ఎక్కి సికింద్రాబాద్ పార్క్ లేన్‌లోని సీటీసీకి వెళ్ళాం. మీరు ఎక్కడ కొన్నా ఇవి చూసుకోండి.

- ప్రాసెసర్ సీల్ ఉన్న బాక్స్‌లోనే తీసుకోండి. ఇంటెల్, ఏఎండీ బాక్స్ ప్రాసెసర్లకి 3 ఏళ్ళ వారంటీ ఉంటుంది. విడిగా ఇచ్చే ట్రే చిప్‌కి కూలర్ రాదు, వారంటీ ఎవరిస్తారో బిల్లు మీద రాయించుకోవాలి.
- పాత బీ450 బోర్డు అయితే 5000 సిరీస్‌కి బయోస్ అప్‌డేట్ చేసి ఉందో లేదో అడగండి. లేకపోతే అక్కడే చేయించండి.
- బోర్డు, ప్రాసెసర్, ర్యామ్, కార్డు షాపులోనే కలిపి, డిస్‌ప్లే వచ్చాకే డబ్బు కట్టండి. రాత్రంతా రైల్లో ఇంటికొచ్చాక తేడా తెలిస్తే మళ్ళీ వెళ్ళడం మాటలు కాదు.

చివరికి ఏం కొన్నాం?

రైజెన్ 5 5600, ఆర్ఎక్స్ 6600, 8 జీబీవి రెండు ర్యామ్‌లు. ఐ3తో వెళ్తే నాలుగు వేల దాకా మిగిలేవి. కానీ బీటెక్‌లో ఆండ్రాయిడ్ స్టూడియో, వర్చువల్ మెషీన్లు నడపాలి, వాటికి ఆ రెండు కోర్లు అదనంగా పనికొస్తాయి. నాలుగేళ్ళ షరతు ఉంది కదా! కేవలం వాలరెంట్ కోసమే అయితే ఐ3తోనే సరిపెట్టేవాణ్ణి.

మొదటిసారి ఆన్ చేసినప్పుడు బాబాయ్ వెనకాల కుర్చీలో కూర్చుని చూశారు. "ఇంతకీ ఇది ఐ7 కంటే గొప్పదేనా?" అని అడిగారు. "అవును బాబాయ్, పైగా తర్వాత ఇదే బోర్డులో ఎనిమిది కోర్లది కూడా పెట్టుకోవచ్చు" అన్నాను. "అప్పుడు డబ్బులు వాడివే" అని లేచి వెళ్ళిపోయారు.

కొటేషన్ చేతికొస్తే ఈ నాలుగూ అడగండి: ఏ తరం? చివరి అక్షరం ఏంటి? నా స్క్రీన్‌కి, నా కార్డుకి ఇది చాలా? రేపు ఇదే బోర్డులో ఇంకేం పడుతుంది? వీటికి జవాబు దొరికాకే జేబులో చెయ్యి పెట్టండి.